చీరల షాపు లోపల: పరుపు వెయ్యాలా, కౌంటర్ కట్టాలా, ర్యాకులు పెట్టాలా?

చీర నచ్చింది, ధర కూడా దాదాపు కుదిరింది. అప్పుడు ఆవిడ చీరను చేతి మీద వేసుకుని లేచి, గుమ్మం దాకా నడిచి, బయటి వెలుతురులో ఒకసారి తిప్పి చూసుకుంటుంది. బట్టల షాపు నడిపే ప్రతివారికీ తెలిసిన దృశ్యమే ఇది. రోజుకు ఒకరిద్దరు అలా చేస్తే పట్టించుకోనక్కర్లేదు. వచ్చినవాళ్లలో సగంమంది గుమ్మం వైపు నడుస్తున్నారంటే మాత్రం లోపలి లైట్లను వాళ్లు నమ్మడం లేదని అర్థం. ఫాల్స్ సీలింగ్ మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ అనుమానం తీరదు.

కొత్తగా షాపు పెట్టేవాళ్లయినా, పాతది మార్చేవాళ్లయినా ఇంటీరియర్ వాళ్లను పిలిచి మొదట మాట్లాడేది ఎలివేషన్ (షాపు ముందు ముఖం) గురించి, సీలింగ్ గురించి, గోడ రంగు గురించి. చీరల వ్యాపారంలో మొదట తేలాల్సినవి వేరే మూడున్నాయి: చీర ఎవరి చేతిలో తెరుచుకోవాలి, ఎక్కడ తెరుచుకోవాలి, ఎంత మేర తెరుచుకోవాలి. ఇవి తేలితే కూర్చునే చోటు, నడిచే దారి, లైటు పడే తీరు, అద్దం పెట్టే గోడ వరసగా తేలిపోతాయి. ముందు సీలింగ్ వేయించి తర్వాత పరుపు ఎక్కడ వేద్దామా అని చూసే షాపుల్లో లైటు ఒకచోట, చీర ఇంకోచోట ఉంటాయి.

కాస్త కొలతలు చూద్దాం. మామూలు చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి 6.3 మీటర్ల దాకా ఉంటుంది. పన్నా, అంటే బట్ట వెడల్పు, 45 నుంచి 48 అంగుళాలు. మొత్తం పరిచి చూపించే పని ఉండదు కానీ, కొంగు, బాడీ, రెండు వైపుల అంచు ఒకేసారి కనబడాలంటే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చోటు కావాలి. మడత మీద ఉన్న చీర సుమారు 12 అంగుళాలు, 15 అంగుళాలు. కాబట్టి షెల్ఫు లోతు 15, 16 అంగుళాలు చాలు. 24 అంగుళాల లోతు పెట్టించుకుంటే వెనక వరస ఏర్పడుతుంది. ఆ వరసలోకి వెళ్లిన చీర ఏడాది పాటు అదే మడత మీద ఉండిపోయి, మడత దగ్గర జరీ చిట్లాక బయటికొస్తుంది.

నేల పరుపు

పాత పద్ధతి ఇదే. నేల మీద మూడు, నాలుగు అంగుళాల పరుపు, దాని మీద తెల్లదుప్పటి, ఒకవైపు సేల్స్‌మన్, ఎదురుగా అదే పరుపు మీద కుటుంబం. విజయవాడ వస్త్రలతలోనూ, చీరాల ఎం.జి.సి. మార్కెట్‌లోనూ హోల్‌సేల్ బేరాలు ఇప్పటికీ ఎక్కువగా ఇలాగే జరుగుతాయి. తక్కువ వెడల్పు షాపులో దీన్ని మించింది లేదు. చీర ఎంతైనా తెరవొచ్చు, చుట్టూ ఎనిమిదిమంది కూర్చోవచ్చు. ఫర్నిచర్ ఖర్చు దాదాపు లేదు. చెప్పులు విప్పి కూర్చున్న మనిషి పది నిమిషాల్లో లేచిపోడు. అమ్మేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇబ్బంది మోకాళ్ల దగ్గర. పెళ్లిచీరల బేరంలో చివరి మాట చాలా ఇళ్లలో అమ్మమ్మదో, పెద్దత్తదో. ఆవిడ నేల మీద కూర్చోలేక గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో ఉండిపోతే, చీర రంగు ఆవిడకు ఎనిమిది అడుగుల దూరం నుంచి కనబడుతుంది. అంచు నేత కనబడదు. నచ్చలేదంటుంది. నేల పరుపే వేసుకునేవాళ్లు కనీసం ఒక మూల 17 అంగుళాల ఎత్తు బల్లా, దాని ముందు చీర పరవడానికి అదే ఎత్తు చెక్కా పెట్టుకోవాలి. చెప్పుల స్టాండు గుమ్మం బయట కాకుండా లోపలే, పది జతలకు సరిపడా ఉండాలి. చెప్పులు పోతాయన్న దిగులుతో కూర్చున్న మనిషి చూపు చీర మీద నిలవదు.

ఎత్తు అరుగు పరుపు

సేల్స్‌మన్ ఎత్తయిన అరుగు మీద కూర్చుంటాడు, కస్టమర్ ఎదురుగా స్టూలు మీద. ఇవాళ జిల్లా కేంద్రాల్లో పట్టుచీరల విభాగాలకు ఎక్కువగా ఎంచుకుంటున్నది ఇదే. ఎంపిక సరైనదే కానీ, కొలతల్లో తప్పులు జరిగేది కూడా ఇక్కడే ఎక్కువ.

అరుగు పైభాగం, పరుపు అణిగాక, నేల నుంచి 16 నుంచి 18 అంగుళాలు ఉండాలి. స్టూలు 17, 18 అంగుళాలు. అరుగు 24 అంగుళాలు కట్టిస్తే చీర కంటికి మరీ దగ్గరగా, ఏటవాలుగా కనబడి కొంగు డిజైను మొత్తం ఒక చూపులో అందదు. 10 అంగుళాలకు దించితే కస్టమర్ గంటసేపు నడుము వంచి కూర్చోవాలి. అరుగు ముందు భాగాన్ని నేల దాకా నిటారుగా ప్లైవుడ్‌తో మూసేయడం ఇంకో తప్పు. స్టూలు మీద కూర్చున్నవాళ్ల మోకాళ్లు దానికి తగిలి, వాళ్లు స్టూలు వెనక్కి జరుపుకుంటారు. వెనక నడవ మూసుకుపోతుంది. అరుగు కింద 8 నుంచి 10 అంగుళాలు లోపలికి ఖాళీ వదలాలి.

మొత్తం అరుగు లోతు 6 అడుగులు. అందులో 2 అడుగులు సేల్స్‌మన్ కూర్చోవడానికి, 4 అడుగులు చీర పన్నా పరుచుకోవడానికి. ఒక్కో కుటుంబానికి 6 అడుగుల పొడవు లెక్క వేసుకోవాలి. 30 అడుగుల అరుగు ఉంటే ఐదు బేరాలు ఒకేసారి నడుస్తాయి. ఆరో కుటుంబాన్ని ఇరికిస్తే పక్కవాళ్లు తెరిపించిన చీర మీద వీళ్ల చెయ్యి పడుతుంది. "అది మేం చూస్తున్నాం" అనే మాట వినబడటం మొదలవుతుంది.

అరుగు కింద డ్రాయర్లు పెట్టించాలని ప్రతి కార్పెంటరూ చెబుతాడు. స్టాకుకు చోటు దొరుకుతుంది, నిజమే. కానీ కింద డొల్లగా ఉంటే సేల్స్‌మన్ లేచి నడిచిన ప్రతిసారీ దబదబమని మోగుతుంది, ఎలుకలకు కూడా నీడ దొరుకుతుంది. డ్రాయర్లు కావాలంటే అడుగున్నరకొక అడ్డ సపోర్టు, పైన 18 లేదా 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తప్పనిసరి. ఎండీఎఫ్ వద్దు. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే షాపులో ఎండీఎఫ్ అడుగంచు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

దుప్పటి తెల్లగా ఎందుకుంటుందంటే సంప్రదాయం ఒక్కటే కారణం కాదు. ఏ రంగు చీరకూ తన రంగు అంటించని నేపథ్యం తెలుపు. పైనుంచి పడిన వెలుతురును తిరిగి కస్టమర్ ముఖం మీదికి పంపిస్తుంది కూడా. అయితే నీలం ఎక్కువ పెట్టి ఉతికించిన దుప్పటి మీద గంధం రంగు, హాఫ్‌వైట్ పట్టుచీరలు మాసినట్టు కనబడతాయి. పాల తెలుపు కంటే ఒక ఛాయ తక్కువ ఉన్న కాటన్ దుప్పటి మేలు. ఎన్ని బేరాలైనా కానీ, రోజుకొకటి మార్చాల్సిందే.

కౌంటర్

30 నుంచి 36 అంగుళాల ఎత్తు, 24 నుంచి 30 అంగుళాల వెడల్పు బల్ల. అటు సేల్స్ అమ్మాయి, ఇటు కస్టమర్. ఇక్కడ చీర పూర్తిగా తెరుచుకోదు. మడత విప్పి కొంగు ఒకటిన్నర అడుగు, బాడీ ఒక మడత చూపించగలరు, అంతే. కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్, జాకెట్టు ముక్కలు, పెట్టుబడి చీరలు కొనేవాళ్లకు అది చాలు. వాళ్లు పావుగంటలో పని ముగించుకుని వెళ్లాలనుకుంటారు. ఒక్కో బేరానికి 4 అడుగుల పొడవు చాలు కనుక అదే 30 అడుగుల్లో ఏడు బేరాలు నడుస్తాయి.

కౌంటర్ మీద గాజు వేయించకండి. కింద పెట్టిన సరుకు కనబడుతుందని వేయిస్తారు గానీ, పైనున్న లైట్లన్నీ గాజులో ప్రతిఫలించి చీర చుట్టూ మెరుపుచుక్కలు కనబడతాయి. సింథటిక్ చీరలు జారిపోతాయి కూడా. మ్యాట్ లామినేట్, లేత బూడిద లేదా క్రీము రంగు సరిపోతుంది.

కౌంటర్ లోపలి మనుషుల సంగతి ఎవరూ డ్రాయింగులో గీయరు. రోజుకు పది గంటలు నిలబడే సేల్స్ అమ్మాయికి వెనక ఒక మడత స్టూలు, దానికి 2 అడుగుల చోటు ఉండాలి. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్ట సవరణలు చేశాయి. చట్టం మాట అటుంచినా, సాయంత్రం ఆరింటికి కాళ్లు లాగుతున్న మనిషి పదహారో చీర తీసి చూపించదు. అమ్మకం ఆగేది అక్కడ.

ర్యాకులు, హ్యాంగర్లు

కస్టమర్ తనే తీసి, తనే విప్పి చూసుకునే పద్ధతి. వయసులో ఉన్న అమ్మాయిలకు, ఎవరూ వెంటబడకుండా ధర చీటీ చూసుకుని వెళ్లాలనుకునే వాళ్లకు ఇది హాయి. అడిగి తీయించుకుంటే కొనాల్సి వస్తుందేమోనన్న మొహమాటం ఉండదు. ఫ్యాన్సీ, జార్జెట్, రోజువారీ కాటన్, కుర్తీలకు బాగా నడుస్తుంది.

పట్టుచీరను మాత్రం హ్యాంగర్‌కు నెలల తరబడి వేలాడదీయకూడదు. జరీ బరువుకు బట్ట సాగి, అంచు ఒకవైపు కుంగుతుంది. హ్యాంగర్ కడ్డీ గుర్తు కూడా శాశ్వతంగా పడుతుంది. డిస్‌ప్లేకు ఒక్కటి వేలాడదీసి, పది పదిహేను రోజులకోసారి మార్చుకోవాలి.

ర్యాకు పద్ధతిలో మనుషులు తగ్గుతారని లెక్క వేసుకునేవాళ్లు మడతపెట్టే మనిషిని మర్చిపోతారు. కస్టమర్ తను విప్పిన చీరను తిరిగి మడవదు, మడవాలని ఆశించకూడదు కూడా. ఆషాఢం సేల్ లాంటి రోజుల్లో మడిచే పనికే విడిగా మనిషి లేకపోతే మధ్యాహ్నం రెండింటికల్లా ర్యాకు గుట్టగా మారుతుంది. గుట్టలో ఉన్న చీర ధర ఎంతయినా చవక సరుకులానే కనబడుతుంది.

ర్యాకుల మధ్య నడవ 4 అడుగులు. 3 అడుగులకు కుదిస్తే ఇంకో ర్యాకు పడుతుంది కానీ, దానివల్ల పోయేది ఎక్కువ. అమెరికాలో షాపుల్లో జనం తీరును గమనించడమే వృత్తిగా పెట్టుకున్న పాకో అండర్‌హిల్ న్యూయార్క్‌లోని ఒక పెద్ద స్టోర్‌లో గుమ్మం దగ్గరి మెడ టైల ర్యాకు ఎందుకు అమ్మడం లేదో చూశారు. వెనకనుంచి వచ్చేపోయేవాళ్లు ఒకటి రెండుసార్లు తగలగానే కస్టమర్లు టై వదిలేసి వెళ్లిపోతున్నారు. మన షాపుల్లో ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం. వంగి కింది అరలో చీర వెతుక్కునే చోట వెనక జనం రాసుకుపోతుంటే ఎవరైనా ఎంతసేపు నిలబడతారు? అందుకే కింది రెండు అడుగుల్లో అమ్మే సరుకు పెట్టకుండా స్టాకు పెట్టుకోవడం మేలు.

వెలుతురు

పద్ధతి ఏదైనా అసలు గెలుపోటములు ఇక్కడే. షాపుల్లో మామూలుగా కనబడేది 2 అడుగుల చదరపు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, 6500 కెల్విన్ తెల్ల కాంతి (కెల్విన్ కాంతి రంగుకు కొలత; అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలి తెలుపు). షాపు వెలిగిపోతున్నట్టు ఉంటుంది కానీ ఆ కాంతిలో బంగారు జరీ వెండిలా పాలిపోతుంది, క్రీము రంగు నీలం తిరుగుతుంది, కస్టమర్ ముఖం అద్దంలో పీక్కుపోయినట్టు కనబడుతుంది. అటు 2700 కెల్విన్ పసుపు కాంతికి వెళ్తే జరీ ధగధగలాడుతుంది కానీ గంధం, మామిడిపండు, లేత కనకాంబరం రంగుల మధ్య తేడా పోతుంది, నేవీ బ్లూ నల్లగా కనబడుతుంది. పట్టు విభాగానికి 3000, కాటన్, డ్రెస్ మెటీరియల్‌కు 4000 కెల్విన్ మంచి రాజీ. రెండూ ఒకే పరుపు మీద కలిపి పడకూడదు. కలిస్తే చీర ఒక మడత మీద ఒక రంగు, ఇంకో మడత మీద ఇంకో రంగు.

కెల్విన్ కంటే ముఖ్యమైనది సీఆర్ఐ, అంటే లైటు కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయన్న కొలమానం. మామూలు ఎల్‌ఈడీలకు 80 ఉంటుంది. చీరలకు 90కి తక్కువ తీసుకోవద్దు. అది కూడా చాలదు. సీఆర్ఐని ఎనిమిది లేత రంగుల సగటుగా లెక్కిస్తారు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. ఆర్9 అని విడిగా కొలిచేది దాన్నే. సీఆర్ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నాకు దగ్గరగా కూడా ఉండొచ్చు. మన పెళ్లిచీరల ప్రాణమంతా మెరూన్, కుంకుమ, అరటిపువ్వు, రాణీ పింక్ రంగుల్లోనే కదా! కాబట్టి అమ్మేవాణ్ని ఆర్9 ఎంతని అడగండి. 50 పైన ఉండాలి. డేటా షీటులో ఆ అంకె లేని దీపాన్ని పక్కన పెట్టేయండి.

ఇక లైటు పడే తీరు. నెమలికంఠం లాంటి డబుల్ షేడ్ చీరలో పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు. కదిపినప్పుడు రంగు మారడమే దాని అందం. ప్యానెల్ లైటు అన్ని వైపులనుంచీ సమంగా పడి ఆ మార్పును చంపేస్తుంది. జరీ తళుకుకు కూడా చిన్న బిందువులాంటి వెలుగు కావాలి. అలాగని ప్యానెళ్లు తీసేసి అన్నీ స్పాట్ లైట్లే పెడితే షాపు గుహలా తయారవుతుంది. సాధారణ వెలుతురు 300 నుంచి 400 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలత) ప్యానెళ్లతో ఇచ్చి, పరుపు మీద స్పాట్లతో 800 నుంచి 1000 లక్స్‌కు పెంచడం సరైన పద్ధతి.

15 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు షాపు అంటే 600 చదరపుటడుగులు, సుమారు 56 చదరపు మీటర్లు. 400 లక్స్‌కు 22,400 ల్యూమెన్లు (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) బట్ట మీదికి చేరాలి. గోడలు, ర్యాకులు మింగేసేది, దుమ్ముకు తగ్గేది తీసేస్తే దీపాల వెలుగులో సగమే చేరుతుందనుకోండి, దాదాపు 45,000 ల్యూమెన్లు కావాలి. వాటుకు 100 ల్యూమెన్ల దీపాలతో ఇది సుమారు 450 వాట్లు. స్పాట్లు దీనికి అదనం. ఎవరైనా ఇదే షాపుకు 1500 వాట్ల ప్యానెళ్లు గీసిస్తే ఎందుకని అడగాలి.

స్పాట్ కోణం కూడా లెక్కతో తీసుకోవచ్చు. సీలింగ్ 10 అడుగులు, అరుగు అడుగున్నర, మధ్య దూరం 8.5 అడుగులు. 24 డిగ్రీల స్పాట్ మూడున్నర అడుగుల వలయం వేస్తుంది, 36 డిగ్రీలది ఐదున్నర అడుగులు. 36 డిగ్రీలవి 4 అడుగులకొకటి పెడితే వలయాలు ఒకదానిమీద ఒకటి పడి మధ్యలో చీకటి మచ్చలు రావు. దీపాల వరస అరుగు నడుమ గీత పైన ఉండాలి, వంపు అరుగు పొడవు దిశగా ఇవ్వాలి. కస్టమర్ వెనకనుంచి కొడితే ఆమె తల నీడే చీర మీద పడుతుంది. సేల్స్‌మన్ వెనకనుంచి కొడితే జరీ మెరుపు నేరుగా ఆమె కళ్లలో గుచ్చుతుంది. పక్కనుంచి వచ్చిన కాంతి నేతను పైకి తేలుస్తుంది.

గోడలకు గాఢమైన ఆకుపచ్చ, నారింజ లామినేట్లు వేయించినచోట ఎంత మంచి దీపమైనా దండగే. ఆ రంగు తిరిగి చీర మీద పడుతుంది. పరుపుకు 6 అడుగుల లోపల ఉన్న గోడలు తెలుపు, క్రీము, లేత బూడిద దాటకూడదు. మీకు నచ్చిన రంగు క్యాష్ కౌంటర్ వెనక గోడకు వేసుకోండి.

అద్దం, ఫోను

చీర భుజాన వేసి చూపించే చోటు విడిగా ఉండాలి. 6 అడుగుల ఎత్తు, 2.5 అడుగుల వెడల్పు అద్దం, దాని ముందు 5 అడుగుల ఖాళీ. దీపం మనిషి నెత్తిమీద ఉంటే కళ్ల కింద నీడలు పడి ఏ చీరా ముఖానికి నప్పినట్టు ఉండదు. అద్దానికి రెండు పక్కలా నిలువుగా దీపాలుంటే ముఖం తేటగా కనబడుతుంది. చీర బాలేదనిపించడానికి చాలాసార్లు కారణం ఆ నెత్తి మీది డౌన్‌లైటే.

ఈ మూలకే ఇప్పుడు రెండో పని పడింది. డాలస్‌లో ఉన్న కూతురికో, మెల్‌బోర్న్‌లో ఉన్న కోడలికో వీడియో కాల్ చేసి చీర చూపించడం పెళ్లి బేరాల్లో మామూలైపోయింది. కళ్లకు బాగానే ఉన్న లైటు ఫోనులో గీతలు గీతలుగా కదులుతుందంటే డ్రైవర్ (దీపానికి కరెంటు అందించే పరికరం) నాసిరకం, దీపం మినుకుతోందని అర్థం. రెండు రకాల కెల్విన్ దీపాలు ఒకేచోట పడుతుంటే ఫోను కెమెరా ఏది తెలుపో తేల్చుకోలేక చీర రంగు మారుస్తూ ఉంటుంది. ఆ మూలలో ఒకే రకం, 4000 కెల్విన్, మినుకు లేని డ్రైవర్ ఉన్న దీపాలే పెట్టి, వెనక సాదా లేత గోడ ఉంచి, వైఫై అందేలా చూసుకోండి. దీపాలు బిగించే ముందే సొంత ఫోనులో వీడియో తీసి చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

గాలి, వాసన, కూర్చునేవాళ్లు

పెళ్లిబట్టలకు పదిమంది వస్తే చీర చూసేది నలుగురు. మిగతా ఆరుగురు విసుగెత్తి "ఇంక చాల్లే, పదండి" అంటే బేరం ఆగిపోతుంది. మగవాళ్లకు, పిల్లలకు పరుపు కనబడేంత దూరంలో నాలుగైదు కుర్చీలు, ఫోను ఛార్జింగ్ పాయింటు, తాగునీళ్లు, బాత్‌రూమ్ దారి ఉండాలి. ఈ వసతులకు పోయే 40 చదరపుటడుగుల్లో ఇంకో ర్యాకు పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పట్టు అమ్మే షాపులో మాత్రం ఆ ర్యాకు కంటే ఆ కుర్చీలే ఎక్కువ సంపాదిస్తాయి.

ఏసీ లెక్కలో చదరపుటడుగులే చూసి మనుషులను మర్చిపోతారు. కూర్చున్న ఒక్కో మనిషి 100 వాట్లకు పైగా వేడి వదులుతాడు. శ్రావణంలో యాభైమంది ఉన్న షాపులో మనుషులకే ఒకటిన్నర నుంచి 2 టన్నులు పోతుంది. గాలి నేరుగా స్టూళ్ల మీద కొట్టకూడదు, మూడు గంటలు కూర్చునే మెడలవి. సీలింగ్ ఫ్యాను పరుపు పైన అసలు వద్దు, తెరిచిన కొంగు ఎగురుతుంటే సేల్స్‌మన్‌కు దాన్ని పట్టుకోవడమే పని.

అగరుబత్తి, సాంబ్రాణి దేవుడి పటం దగ్గరే ఉండాలి. పట్టు వాసనను పట్టి ఉంచుకుంటుంది. కొత్త చీరకు పొగ వాసన వస్తే కస్టమర్‌కు పాత సరుకేమోనన్న అనుమానం. అసలు జరీలో వెండి ఉంటుంది కాబట్టి గంధకం వదిలే రబ్బరు మ్యాట్లు, రబ్బరు బ్యాండ్లు పట్టు షెల్ఫుల్లో వాడొద్దు, జరీ నల్లబడుతుంది.

గుమ్మం దగ్గర 6 అంగుళాల మెట్టు ఉంటే 1:12 వాలులో ర్యాంపుకు 6 అడుగుల పొడవు కావాలి. ముందే చోటు వదలకపోతే తర్వాత కట్టేది జారుడుబల్లే అవుతుంది. ఇక మంటల సంగతి. 2017 మే 31న చెన్నై టి.నగర్‌లో ఒక బహుళ అంతస్తుల బట్టల షోరూమ్ తగలబడి, భవనాన్నే కూల్చాల్సి వచ్చింది. బట్టల షాపులో పై వరస చీరకూ లైటుకూ మధ్య అడుగున్నర ఖాళీ ఉండాలి. సీలింగ్ లోపల వైరు జాయింట్లు టేపుతో చుట్టి వదలకుండా జంక్షన్ బాక్సుల్లో ఉండాలి. మెట్లదారిలో స్టాకు మూటలు పెట్టనివ్వకూడదు. ఎలివేషన్ కోసం కిటికీలన్నీ గాజుతో, బోర్డుతో మూసేస్తే పొగ బయటికి పోయే దారి ఉండదు.

ఏ షాపుకు ఏది

10 అడుగుల ఒక్క షట్టర్ షాపులో ఎత్తు అరుగు కుదరదు. ర్యాకు 1.25, అరుగు కుదించినా 5, స్టూలు 2 అడుగులు పోతే నడవడానికి మిగిలేది అడుగున్నర చిల్లర. పట్టు అమ్మేవాళ్లకు నేల పరుపు, రోజువారీ చీరలు అమ్మేవాళ్లకు కౌంటర్. కౌంటర్ అయితే ర్యాకు 1.25, లోపలి మనిషికి 2.25, బల్ల 2, కస్టమర్ వైపు 4 అడుగులు, లెక్క సరిపోతుంది.

15 అడుగుల వెడల్పుంటే ఎత్తు అరుగుకే నా ఓటు. ర్యాకు 1.25, అరుగు 6, స్టూళ్లు 2, నడవ 3.5, ఎదుటి గోడకు ర్యాకు 1.25, మొత్తం 14 అడుగులు. 40 అడుగుల లోతులో ముందు 10 అడుగులు కౌంటర్, వెనక 30 అడుగులు అరుగు. జాకెట్టు ముక్క కోసం వచ్చినవాళ్లు పెళ్లి బృందాన్ని తొక్కుకుంటూ లోపలికి వెళ్లే పని ఉండదు. ఫాల్స్, పీకో బల్ల ఈ రెంటి మధ్య.

మూడంతస్తుల షోరూమ్ అయితే కింద ర్యాకులు, కౌంటర్లు, పైన పట్టు అరుగులు. పెళ్లిబట్టలకు వచ్చేవాళ్లు అనుకునే వస్తారు, లిఫ్ట్ ఎక్కుతారు. దారినపోతూ తొంగిచూసినవాళ్లు ఎక్కరు. గద్వాల, పోచంపల్లి, వెంకటగిరి లాంటి చేనేత మాత్రమే అమ్మే చిన్న షాపులకు పైవేవీ అంతగా వర్తించవు. స్టాకు తక్కువ, చెప్పాల్సిన విషయం ఎక్కువ. 6 అడుగుల, 4 అడుగుల బల్ల ఒకటి నడుమ వేసి చుట్టూ నడిచే చోటు వదిలితే చాలు. వెంకటగిరి పలచదనం చూపించడానికి కిటికీ ఉంటే దాన్ని మూయకండి.

వాస్తు నమ్మకం ఉంటే గల్లా ఏ మూలకు, మెట్లు ఎటు అన్నది డ్రాయింగు గీయించకముందే అడిగి తేల్చుకోవాలి. పని సగంలో పంతులుగారు వచ్చి గల్లా జరపమంటే వైరింగ్, కెమెరాలు, బిల్లింగ్ కౌంటర్ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

బయానా ఇచ్చే ముందు

ఖాళీ షాపులో నేల మీద మాస్కింగ్ టేపుతో అరుగు, స్టూళ్లు, నడవ, ర్యాకులు అసలు కొలతల్లో గీయండి. అద్దెకు ఒక పరుపు, ఆరు స్టూళ్లు తెచ్చి వేయండి. ఇంట్లోవాళ్లను ఆరుగురిని కూర్చోబెట్టి పది చీరలు తెరిచి చూపించండి. వాళ్ల వెనకనుంచి చేతిలో రెండు సంచులతో ఒకరు నడవాలి. పెద్దావిడ ఒకరు లేచి కూర్చోవాలి. డ్రాయింగులో కనబడని తప్పులన్నీ అరగంటలో బయటపడతాయి.

తర్వాత దీపాలు. కాంట్రాక్టర్ చెప్పిన స్పాట్, ప్యానెల్ ఒక్కొక్కటి అదే ఎత్తులో బిగింపించండి. మెరూన్, నెమలికంఠం, జరీ ఉన్న గంధం రంగు, ఈ మూడు చీరలు వాటి కింద చూసి, పగలు పదకొండింటికి గుమ్మం నీడలో మళ్లీ చూడండి. నేరుగా ఎండలో వద్దు. రెండు చోట్లా ఒకే రంగు పేరు నోటికొస్తే ఆ దీపం పనికొస్తుంది. ఒప్పందం కాగితం మీద దీపం మోడల్, కెల్విన్, సీఆర్ఐ, ఆర్9, ప్లైవుడ్ ఐఎస్ 710నా (నీళ్లను తట్టుకునే మెరైన్ రకం), ఐఎస్ 303నా (సాధారణ వాడకం రకం), అరుగు ఎత్తు అంగుళాల్లో రాయించుకోండి. దీపాలు కొనేటప్పుడు పదికి ఒకటి చొప్పున అదే బ్యాచ్‌వి ఎక్కువ తీసుకుని దాచండి. ఏడాది తర్వాత ఒకటి పోయి బజార్లో దొరికింది పెడితే, పరుపు మీద ఆ నాలుగడుగుల చోట చీరలు వేరే రంగులో కనబడతాయి, అక్కడ కూర్చున్నవాళ్లు మళ్లీ గుమ్మం వైపు నడుస్తారు.